మిషన్ అలిగిన నాడు చెప్పు

ఈ సంగతి రాసిపెట్టకపోతే పోతుంది. ఇద్దరు మనుషులు ఏళ్ళ తరబడి చేసిన వాదన ఇది. ఇప్పుడు అందులో నేను ఒక్కడినే మిగిలాను. వాదన ఒంటరిగా సాగదు. ఎదుటివాడి మాటలు కూడా మనమే చెప్పుకోవాల్సి వస్తుంది. కొన్నాళ్ళకు అవి అతనివో మనవో తెలియకుండా పోతుంది. నాకు అప్పుడే అలా అవుతోంది. అందుకని గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

యంత్రానికి మనిషి తెలివి ఎప్పటికైనా వస్తుందా అన్నది మా వాదన. పెద్ద చదువుల వాళ్ళు పెద్ద పెద్ద సభల్లో దీని గురించి మాట్లాడుకుంటారని నాకు తెలుసు. శంషాబాద్ గ్రంథాలయంలో, కిటికీ పక్క బల్ల దగ్గర కూడా మాట్లాడుకున్నారని మాత్రం ఎవరికీ తెలియదు.

2008లో ఎయిర్‌పోర్ట్ మొదలైనప్పుడు కొత్తూరు అవతలి మా పల్లె నుంచి వచ్చి పనిలో చేరాను. అమ్మా నాన్నా అప్పటికే లేరు. అక్క అత్తగారింట్లో ఆమె తిప్పలు ఆమె పడుతోంది. నా పెళ్ళి సంగతి పట్టించుకునే వాళ్ళెవరూ లేక అది అలాగే ఉండిపోయింది. హైవేకు లోపలి గల్లీలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. పని నుంచి వచ్చాక ఆ గదిలో నాతో మాట్లాడేది పైన తిరిగే ఫ్యానే. అందుకే గ్రంథాలయం పట్టుకున్నాను. బడిలో పదో తరగతి దాకానే చదివాను, మిగిలిందంతా అక్కడే చదువుకున్నాను. ఆ బీరువాల్లో విజ్ఞానశాస్త్రం వరసలో నా చేతికి రాని పుస్తకం లేదు. ఈ మాట గొప్పకే అంటున్నాను. నాకు ఉన్న గొప్ప అదొక్కటే.

మామ అక్కడే పరిచయమయ్యాడు. నిజానికి మాకు చుట్టరికం లేదు. మొదటి రోజు నేను పేపర్ మధ్య పేజీలు తీసుకుంటే, "ఏందిరా అల్లుడా, నేను సదవద్దా?" అన్నాడు. ఆయన అల్లుడా అన్నాడు కాబట్టి నేను మామా అన్నాను. అంతే. ఆయన చెలక దాదాపు అంతా ఎయిర్‌పోర్ట్ గోడ లోపలికి పోయింది. బయట చిన్న ముక్క మిగిలింది. దున్నడానికి పనికిరాదు, అమ్మడానికి మనసు రాదు. పొద్దున లేస్తే చేసే పని లేక గ్రంథాలయానికి వచ్చేవాడు. రాత్రిబడిలో నేర్చుకున్న చదువుతో, అక్షరాల కింద వేలు పెట్టి, పైకి చదివేవాడు.

నేను కంప్యూటర్ల గురించిన ఒక పాత పుస్తకం చదువుతున్న రోజుల్లో వాదన మొదలైంది. అట్టలు పోయిన పుస్తకం. ఆలోచన అనేది పెద్ద మహిమేమీ కాదనీ, చిన్న చిన్న మెట్లుగా విడగొడితే యంత్రం కూడా ఆ మెట్లు ఎక్కగలదనీ అందులో ఉంది. ఆ పేజీ రెండుసార్లు చదివాను. చెప్పుకోవడానికి ఎవరూ లేక మామకు చెప్పాను. చదరంగంలో ప్రపంచంలోనే పేరున్న ఆటగాణ్ణి మిషన్ ఓడించిందని కూడా చెప్పాను.

మామ పేపర్ మడిచి పక్కన పెట్టాడు.

"ఓడినాయన ఆ పొద్దు బువ్వ తిన్నడా?"

"తిని ఉండడు మామా. మస్తు బాధపడ్డడంట."

"మరి గెల్చిన మిషన్ దావత్ చేసిందా?"

"దానికి దావత్ ఎందుకు?"

"సూడు మరి. ఓడినట్టు ఈయనకు ఎర్కే. గెల్చినట్టు దానికి ఎర్కలేదు. ఇగ తెలివి ఎవల దగ్గర ఉన్నట్టు?"

"గట్ల కాదు మామా. తెలివి వేరు, సంబురం వేరు."

"నీకు వేరే. నాకు ఒక్కటే."

మా గొంతులు పెరిగేసరికి గ్రంథాలయం మేడమ్ వచ్చింది. ఆమెది కోస్తా వైపు. ఎంత కోపం వచ్చినా మర్యాద తప్పేది కాదు. "ఏమండీ, ఇది గ్రంథాలయమండీ, పంచాయతీ కాదు" అంది.

"గందుకే మేడం, తీర్పు మీరే చెప్పున్రి" అన్నాడు మామ.

ఆమె నవ్వు ఆపుకుంటూ వెళ్ళిపోయింది. తీర్పు మాత్రం ఎప్పటికీ రాలేదు.

నా పని గురించి చెప్పాలి. ఎయిర్‌పోర్ట్ లోపల పిట్టలను తోలే పని. విమానం లేచేటప్పుడో దిగేటప్పుడో పిట్ట ఇంజన్‌లో పడితే ప్రమాదం. అందుకని జీపు మీద ఒక స్పీకర్ డబ్బా పెట్టుకుని గోడ వెంబడి, గడ్డి మైదానాల వెంబడి తిరుగుతాం. డ్రైవరన్న నడుపుతాడు, నేను మీట నొక్కుతాను. డబ్బాలోంచి పట్టుబడిన కాకి అరుపు పెద్దగా వస్తుంది. కొత్త అరుపు వేసిన మొదట్లో కాకులు పారిపోవు. ఎక్కడెక్కడివో వచ్చి జీపు మీద గుంపుగా తిరుగుతాయి, తమవాడెవడో ఆపదలో ఉన్నాడని. ఎంతసేపు తిరిగినా ఎవడూ కనిపించకపోతే అప్పుడు భయం పుట్టి దూరం పోతాయి. కొన్నాళ్ళకు ఆ అరుపు అలవాటైపోయి లెక్కచేయవు. మళ్ళీ ఇంకో అరుపు వేస్తాం.

ఇదంతా ఒకసారి మామ ఇంట్లో, ఆయన భార్య అత్తమ్మ కూడా వింటుండగా, నవ్వుతూ చెప్పాను. మామ నవ్వలేదు.

"డబ్బల ఏడ్సేది ఎవలు?"

"ఎవలూ కాదు మామా. రికార్డు చేసింది."

"నిజం కాకినే పట్టుకుని చేసిన్రు గదా? ఆ కాకి ఏమైంది?"

నాకు తెలియదన్నాను. ఏ పుస్తకంలోనూ ఆ సంగతి లేదు.

"గదీ సంగతి. ఏడుపు ఉన్నది, ఏడ్సేటోడు లేడు. నీ మిషన్ల తెలివి గూడ గంతే."

వారం తిరగకముందే జవాబు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఈనాటి మిషన్ అంతే కావచ్చు మామా, రేపటి మిషన్ వేరేగా ఉంటుంది, మనిషి మెదడు కూడా లోపల చూస్తే చిన్న చిన్న మెట్లేనట అన్నాను. అప్పుడు ఆయన ఒక పరీక్ష పెట్టాడు.

"సరె. నీ మిషన్ అలిగిన నాడు చెప్పు. నేనే వచ్చి బతిమాలుత."

ఆ పరీక్ష ఆయనకే తగింది. అలగడంలో ఆయనను మించినవాడు మండలంలో లేడని అత్తమ్మ అనేది. సొంత బిడ్డ పెళ్ళిలో, మొదటి బంతికి తనను ఎవరూ చెయ్యి పట్టుకుని పిలవలేదని అలిగి, ఎద్దుల కొట్టంలో కూర్చున్నాడట. గ్రంథాలయంలో కూడా అంతే. ఆయన కంటే ముందు నేను మధ్య పేజీలు ముట్టుకున్నానంటే కుర్చీ గోడ వైపు తిప్పుకుని కూర్చునేవాడు. నేను బయటికి పోయి బండి దగ్గర చాయ్ తెచ్చేవాణ్ణి. ఊరికే పెడితే తాగడు. "మామా, చాయ్" అనాలి. అయినా తిరగడు. "చల్లారుతది మామా" అనాలి. అప్పుడు, గోడనే అడిగినట్టు, "నాకేనా?" అనేవాడు.

అలిగే మిషన్ చేయడం కష్టం కాదని నేను వాదించాను. ఎవరూ పలకరించకపోతే ఆగిపోయేట్టు, బతిమాలితే మళ్ళీ నడిచేట్టు చేస్తే సరి. ఆ మాటకు మామ చెయ్యి అడ్డంగా ఊపాడు.

"మూతి ముడుసుడు గాదు అలుగుడంటే. బతిమాలెటోడు ఒకడున్నడు, వస్తడు అని నమ్మకం. ఆ నమ్మకం లేనోడు అలగడు అల్లుడా. ఊకుంటడు."

ఆ సాయంత్రం గదికి వచ్చి ఫ్యాన్ కింద పడుకుని ఆలోచించాను. నేను చివరిసారి ఎప్పుడు అలిగాను? గుర్తు రాలేదు. పల్లెలో అమ్మ ఉన్నప్పుడు అలిగి ఉంటాను. శంషాబాద్ వచ్చాక కోపం వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. అలక మాత్రం రాలేదు. ఎవరి మీద అలగాలి? మామ పెట్టిన పరీక్షలో మిషన్‌తో పాటు నేనూ తప్పాను. ఈ సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే నవ్వేవాడు కాదు, జాలిపడేవాడు. జాలి నాకు వద్దు.

ఇలా ఏళ్ళు గడిచాయి. నేను కొత్త కొత్త సంగతులు చదివి తెచ్చేవాణ్ణి, ఆయన తన పాత జవాబుల్లోంచే ఏదో ఒకటి తీసేవాడు. ఒకసారి గ్యాస్ బండ కోసం ఫోన్ చేస్తే రికార్డు చేసిన ఆడగొంతు మాట్లాడింది. మామ గౌరవంగా, "బాగున్నవా బిడ్డా? జర తొందరగ పంపియ్యి" అన్నాడు. అది మనిషి కాదు మామా అన్నాను. "నాకు ఎర్కలేదా? అడిగితే నాదేం పోయింది" అన్నాడు.

2013 చివర, చలికాలంలో, మామకు కడుపునొప్పి మొదలైంది. దవాఖానకు రానని మొండికేశాడు. అత్తమ్మ ఒప్పుకోలేదు. ఆటో పిలిచి, నాలుగు తిట్లు తిట్టి, బలవంతాన తీసుకుపోయింది. అక్కడ మంచం మీద ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అత్తమ్మ పలకరించినా పలకలేదు. మామిడిపల్లి నుంచి వచ్చిన బిడ్డ పిలిచినా తిరగలేదు.

"నా మీద అలిగిండు" అంది అత్తమ్మ నాతో. "తోల్కరావొద్దన్నడు, నేను తోల్కొచ్చిన. నువ్వు పిలువు అల్లుడా, నీ మాటకు తిరుగుతడు."

చాయ్ తీసుకుపోయాను. "మామా, చాయ్" అన్నాను. "చల్లారుతది మామా" అన్నాను. వీపు కదలలేదు. జ్వరం ఎక్కువగా ఉంది, మాట తెలియడం లేదని నర్సమ్మ చెప్పింది. అత్తమ్మ ఆ మాట చెవిన పెట్టలేదు. ఆయన అలాగే గోడ వైపు తిరిగే పోయాడు.

మా వైపు మనిషి పోయాక పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో పెట్టుకుని పోయినట్టు. మూడో రోజు శ్మశానం దగ్గర పెట్టారు. పిట్ట ముట్టలేదు. చివరికి విస్తరి ఆవుకు పెట్టి ఇంటికి వచ్చారు. అత్తమ్మ ఆనాటి నుంచి సరిగ్గా అన్నం తినలేదు. ఆమెకు తెలుసుకోవాల్సింది ఒక్కటే. ఆయన తన మీద అలిగే పోయాడా, లేదా?

పదోనాడు సొంత భూమిలో పెడితే వస్తాడని మామ తమ్ముడు అన్నాడు. సొంత భూమి అంటే గోడ పక్కన మిగిలిన ఆ చెలక ముక్క. మంచి చోటు కాదని నాకు అనిపించింది. గోడకు అవతల మా జీపు తిరిగే దారి ఉంది. పిట్టలను తోలే చోట పిట్టకు పెట్టడమేమిటి? కానీ కర్మల సంగతిలో బయటివాణ్ణి, నోరు మెదపలేదు.

అన్నం, మటన్ కూర, గారెలు, కల్లు, బీడీలు పెట్టారు. అత్తమ్మ ఆనాటి పేపర్ తెప్పించి విస్తరి పక్కన రాయి కింద పెట్టింది. "పేపర్ పెడుతరా ఎక్కడన్న?" అన్నారెవరో. "ఆయన సదివేటోడు" అంది. అందరం వెనక్కి జరిగి నిలబడ్డాం. ఆకాశం ఖాళీగా ఉంది.

మామ తమ్ముడు చేతులు జోడించాడు. "అన్నా, వదినను మేం సూసుకుంటం. పరేషాన్ గాకు, రాయే." రాలేదు. బిడ్డ, "బాపూ, నెలనెలా వచ్చి అవ్వను సూసిపోత" అంటూ ఏడ్చింది. రాలేదు. ఒక విమానం లేచి నెత్తిమీదుగా పోయింది. వెనక ఎవరో గొణిగారు. "బలిమీటికి దవాఖానకు తోల్కపోయింది గదా. గదే మనుసుల పెట్టుకున్నడు." గొణుగుడు అయినా అందరికీ వినబడింది. అత్తమ్మ తల దించుకుంది.

నేను ఆమె దగ్గరికి వెళ్ళి చిన్నగా చెప్పాను. "అత్తమ్మా, గోడ అవతల మా డబ్బ తిరుగుతది. దానికి బెదిరి పిట్టలు ఈ దిక్కు వస్తలేవు. మామ తప్పు గాదు, నీ తప్పు గాదు."

ఆమె తల ఎత్తి చూసింది. "కొన్నొద్దులకు నీ డబ్బను అవి లెక్కనే చేయయని మా ఇంట్ల కూసోని నువ్వే చెప్పలేదా? చెప్పి నవ్వలేదా?"

నిజమే. నేనే చెప్పాను.

"నీ చాయ్ తేపో" అంది. "దవాఖానల నీ మాట ఇనబడలేదేమో. మళ్ళొక్కసారి పిలువు."

మోటార్ సైకిల్ మీద గ్రంథాలయం దగ్గరికి పోయాను. చాయ్ బండి అన్న ప్లాస్టిక్ కవర్లో పోసి రబ్బరు బిగిస్తూ, "ఇద్దరికేనా?" అన్నాడు. ఎప్పుడూ ఇద్దరికే తీసుకుపోయేవాణ్ణి కదా. మామ సంగతి అతనికి ఇంకా తెలియదు. అవునన్నాను.

తిరిగి వచ్చి, కాగితం కప్పులో పోసి విస్తరి పక్కన పెట్టాను. దారి పొడుగునా ఒక మాట అనుకుంటూ వచ్చాను, "ఓడిపోయిన మామా, మిషన్‌కు తెలివి రాదు" అని చెబుదామని. ఆయన గెలిచాడంటే సంతోషంగా వస్తాడని. తీరా అక్కడ నిలబడ్డాక అబద్ధం నోటికి రాలేదు. ఆ సంగతి నాకు నిజంగా తెలియదు. ఆయనతో అయిదేళ్ళు నిజమే మాట్లాడాను.

"ఇంకా తేలలేదు మామా" అన్నాను. "మనం మళ్ళ మాట్లాడాలె. చాయ్ చల్లారుతది."

అప్పుడే గోడ అవతల జీపు చప్పుడైంది. డ్రైవరన్న నా బదులు ఇంకొకర్ని పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆ వారమే అరుపు మార్చాం. కొత్త అరుపు, పట్టుబడిన కాకిది, గోడ దాటి మా మీదికి వచ్చింది. హైవే పక్క మటన్ దుకాణాల వైపు నుంచి, కరెంటు తీగల మీది నుంచి, నాకు కనబడని చెట్ల నుంచి కాకులు వచ్చాయి. ఆకాశం నల్లబడింది. అవి గోడ మీద గుండ్రంగా తిరిగాయి, అరిచాయి, వెతికాయి. జీపు దూరం పోయింది, అరుపు సన్నబడింది. కాకులు చెదిరిపోసాగాయి.

ఒకటి మాత్రం గోడ మీద వాలింది. అటూ ఇటూ చూసింది. కిందికి దిగి, పేపర్ మీద నిలబడి, గారె ముక్క పొడుచుకుంది.

"వచ్చిండు" అంది అత్తమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూలబడింది. బిడ్డ ఆమెను పట్టుకుంది. వారం తర్వాత ఆ మధ్యాహ్నం అత్తమ్మ కడుపు నిండా తిన్నది.

ఆ వారమే అరుపు మారిందని, కాకులు అందుకే వచ్చాయని అక్కడ ఉన్నవాళ్ళలో నాకొక్కడికే తెలుసు. అయినా తెలిసింది సగమే. డబ్బా పిలిచింది, అవి గోడ దాకా వచ్చాయి. విస్తరి మీదికి దిగమని డబ్బా చెప్పలేదు. ఆకలి చెప్పి ఉంటుంది. డబ్బాకు ఆకలి లేదు, తాను పిలిచినట్టు కూడా దానికి తెలియదు. ఎవరూ ఏడవని ఏడుపు విని అన్ని కాకులు వచ్చాయి. ఇది మామకు చెప్పాలనిపించింది. ఇటు తిప్పితే ఆయన వాదనకు బలం, అటు తిప్పితే నా వాదనకు. ఒక వారమైనా గడిచేది మాకు. చెప్పడానికి పక్కకు తిరిగాను కూడా.

ఇప్పటికీ గ్రంథాలయానికి పోతాను. మధ్య పేజీలు ఎప్పుడంటే అప్పుడు దొరుకుతాయి. మిషన్ల గురించి కొత్త పుస్తకాలు వచ్చాయి, చదువుతున్నాను. బాగానే అర్థమవుతాయి. చదివాక మూసి బల్ల మీద పెడతాను.

ఇది రాయడానికి సాయపడిన వాళ్ళకు పేరుపేరునా చెప్పుకోవాలి. పేర్లు వేయొద్దని అత్తమ్మ అంది కాబట్టి వరసలతోనే చెబుతున్నాను. వేళ దాటినా తలుపు వేయకుండా కూర్చోనిచ్చిన గ్రంథాలయం మేడమ్‌కు, ఆ రోజు నా సెలవుకు ఒప్పుకున్న డ్రైవరన్నకు, ఇప్పటికీ అడగకుండా ఇద్దరికి చాయ్ పోసి, గుర్తొచ్చి ఒకటి వెనక్కి తీసుకునే బండి అన్నకు, చదివి వినిపిస్తే తప్పులు చెప్పిన మామ బిడ్డకు, వరస కలవకపోయినా నన్ను అన్నా అనే మామిడిపల్లి చెల్లెకు, దండాలు.

అందరికంటే ముందు అత్తమ్మకు చెప్పాలి. ఈ మధ్య పని ఎక్కువై కొన్ని వారాలు వాళ్ళింటి వైపు పోలేదు. ఆమె బిడ్డతో ఫోన్ చేయించింది. "అవ్వ అడుగుతున్నదన్నా. అల్లుడు అలిగిండా ఏంది అని."

పని ఉండి రాలేదు చెల్లె, అలగలేదని చెప్పమన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఫ్యాన్ కింద కూర్చున్నాను. అలిగానని చెప్పి ఉండాల్సింది.